జీను ఒరిపిడి

నల్ల గుర్రం మీంచి దిగేటందుకు జైపాల్ కుడికాలు ఇవతలికైతే తెచ్చిండు గని, దాన్ని నేలకు ఆనించనీకె జరసేపు పట్టింది. రెండు చేతులతోని జీను అంచు పట్టుకొని, కడుపు దానికి ఆనించి అట్లనే ఏలాడిండు. గుర్రం మెడ తిప్పి అతని భుజం వాసన చూసింది. దూరంకెల్లి చూసినోళ్లకు గుర్రాన్ని ముద్దు చేస్తున్నట్టే కనపడ్తడు.

"అయిందా జైపాల్?" షెడ్డు నీడల కుర్చీ ఏసుకొని కూసున్న ప్రభాకర్ అడిగిండు. మొయినాబాద్ దాటినంక మామిడితోటల నడుమ పెట్టిన ఆ గుర్రపుస్వారీ బడికి ఆయన మేనేజరు.

"అయింది సార్."

"ఎర్రదాన్ని గూడ జర తిప్పు. రేపు దాని మీద కొత్త మేడం ఎక్కుతది. మనం ఇయ్యాల అలిపియ్యకపోతే రేపు ఆమెను పడేస్తది."

జైపాల్ ఎర్ర గుర్రం దిక్కు చూసిండు. పొద్దుగాలటి సంది అప్పటికి అయిదు గుర్రాలు తిప్పిండు. రేపు తిప్పుత సార్ అందామనుకున్నడు గని నోటికి రాలే.

"ఏం, కష్టమైతుందా? అయితే చెప్పు. శంకర్‌పల్లి దిక్కుకెల్లి ఒకడు రోజు ఫోన్ చేస్తున్నడు, వస్తనని."

"కష్టం లేదు సార్."

హైటెక్ సిటీల కంపెనీలు పెరిగినకొద్ది శని, ఆదివారాలు ఆ తొవ్వల కార్లు పెరిగినయి. కంప్యూటర్ల ముంగట వారమంత కూసున్నోళ్లు గుర్రమెక్కి కూసుండనీకె వచ్చేటోళ్లు. వాళ్లు ఏసుకునే ప్యాంట్లకు తొడల లోపటి దిక్కు మెత్తగ తోలు కుట్టి ఉంటది. జైపాల్‌కు బడోళ్లు ఇచ్చినది పాలిస్టర్ ప్యాంటు. అతనికంటె ముంగట పనిజేసినోడు ఇడిచిపెట్టి పోయినది. నడుముకు సరిపోయింది గని కింద బిర్రుగ ఉండె. కాళ్ల నడుమ నాలుగు కుట్లు కలిసే కాడ దారం ముడేసినట్టు గట్టిగ ఉబ్బి ఉండె.

దసరా దాటినంక జైపాల్‌ను స్వారీ నేర్పే సార్‌ను చేస్తనని ప్రభాకర్ అన్నడు. మొన్నటిదాక పేడ ఎత్తుడు, గడ్డి ఏసుడు, నాడాలల్ల ఇరికిన రాళ్లు తీసుడు అతని పని. ఇప్పుడు గుర్రమెక్కుతున్నడు. ఎక్కుడైతే భయం లేకుంట ఎక్కిండు గని, గుర్రం దుడికి చిన్నగ ఉరికినప్పుడు దాని నడకతోని లేచి కూసోవాలెనని అతనికి ఎవ్వలు నేర్పలేదు. అది ఎగిరేసినప్పుడల్ల ఎగిరి, జీను మీద దబ్బున పడేటోడు.

ఎర్రదాన్ని తిప్పి కట్టేసినంక షెడ్డు ఎనక నీళ్ల నల్ల కాడికి పోయి తడక అడ్డం పెట్టుకున్నడు. ప్యాంటు ఇప్పేటప్పుడు బట్ట తోలుకు అంటుకొని ఒక్కసారే ఊడింది. పండ్లు కొరుక్కున్నడు. అంగం మీది తోలు ఎర్రగ కమిలింది. ఒక పక్క రూపాయి బిళ్లంత మేర పైపొర లేచి తడిగ మెరుస్తుంది. కొన కాడ నీళ్లు చేరినట్టు ఉబ్బింది. నిన్నటికంటె ఎక్కువున్నది. మురికితోని అయితుందేమోనని సబ్బు పెట్టి రుద్దిండు. మంటకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రుద్దుడైతే ఆపలేదు.

కనకమామిడి ఊళ్లె ఇంటికి చేరేసరికి కవిత వాకిట్ల కూసొని ఏలుకు ఇరిగిన ముండ్లు పిన్నీసుతోని తీసుకుంటుంది. ఆమె గులాబీ తోటల పూలు కోసే పనికి పోతది. పెండ్లయి అయిదు నెలలు. జైపాల్ సైకిల్ నడిపించుకుంట వచ్చుడు చూసి ముల్లు తీసుడు ఆపింది.

"పంచర్ అయ్యిందా?"

"ఆఁ."

కవిత టైరు దిక్కు చూసింది. రెండు టైర్లు గాలితోని బిగుసుకొని ఉన్నయి. మళ్ల ముల్లు తీసుకోబట్టింది.

నాలుగైదు దినాల సంది అతను ఉక్కపోస్తుందని మంచం వాకిట్ల ఏసుకుంటున్నడు. వానాకాలం. వాకిట్ల దోమలు పీక్కతింటయి. కవిత మొదాల నవ్వింది, తర్వాత నవ్వుడు ఆపింది. ఆ పొద్దు అన్నం పెట్టుకుంట మెల్లగ అడిగింది.

"నా మీద కోపమా?"

"లేదు."

"మరి ఏమైంది? నడక గూడ మారింది. నాకు చెప్పరాదా?"

"గరం చేసింది, అంతే. కడుపుల ఏడి."

ఆమె లేచి పోయి గ్లాసు నీళ్లల్ల సబ్జ గింజలు నానేసి తెచ్చింది. చక్కెర ఏసి, చెంచతోని తిప్పి చేతికిచ్చింది. అతను తాగేదాక అక్కడనే నిలబడ్డది. అప్పుడు చెప్పొచ్చు. చెప్తే ఆమె ఏమంటది? గుర్రమెక్కుడు బంద్ చెయ్యమంటది. లేకుంటే నవ్వుతది. గుర్రం మీద కూసుంటే అక్కడ దెబ్బ తాకిందంటే ఎవ్వలు నవ్వరు? ఊళ్లె హోటల్ కాడ కూసునే మొగోళ్లకు ఒక్క మాట దొరికితే సాలు. జైపాల్ గ్లాసు ఆమెకిచ్చి మొకం తిప్పుకున్నడు.

కొడుకు నడక వసంతమ్మ గూడ చూసింది. తెల్లారి పనికి పోనియ్యలేదు. "దాసుకుంటే పోయే రోగమా? నడువు" అని ఆటో ఎక్కించుకొని మొయినాబాద్ తీస్కపోయింది.

ఆర్‌ఎంపీ నర్సింహులు చిన్న రూంల మంచం, బల్ల ఏసుకొని చుట్టుపక్క ఊర్లోళ్లకు సూదులేస్తడు. వసంతమ్మను బయట కూసోమని పరదా గుంజిండు. జైపాల్ లుంగి జరిపితే ఒంగి చూసి, ఎంటనే లేచిండు.

"బయట అలవాట్లున్నయా?"

"లేవు సార్."

"అబద్ధం చెప్తే మందు పనిజెయ్యది."

"ఒట్టు సార్. గుర్రమెక్కుతున్న. అది దుడికినప్పుడు..."

"గుర్రమెక్కితే నడుము నొస్తది, తొడలు నొస్తయి. గిట్లెందుకైతది?" నర్సింహులు సూది మందు గుంజుకుంట అన్నడు. "కొత్తగ పెండ్లయింది గద. ఇంట్లోనే అడుగు. ఇది ఒకల నుంచి ఒకలకు వచ్చే బీమారి."

సూదేసి, కడుక్కోమని ఘాటు వాసనొచ్చే మందునీళ్లు ఇచ్చిండు. పరదా తీసి వసంతమ్మతోని మెల్లగనే చెప్పిండు. "కోడల్ని గూడ చూపియ్యుండ్రి పెద్దమ్మా. ఆమెకు లేనిది ఇతనికి రాదు."

వసంతమ్మ కొడుకు మొకం దిక్కు చూసింది. కొడుకు చెప్పుల దిక్కు చూసిండు.

అక్కడ ఒక్క మాట అంటే అయిపోతుండె. అవ్వా, ఇది గుర్రంతోనే అయింది, నేను ఎక్కిన మొదటి రోజు సంది నొస్తుంది, అనాలె. ఆ మాట గొంతుల దాక వచ్చింది గూడ. దాని ఎంబడే ప్రభాకర్ యాదికొచ్చిండు, ఫోన్ చేసేటోడు యాదికొచ్చిండు, హోటల్ కాడి నవ్వు చెవులల్ల పడ్డట్టయింది. జైపాల్ మాట మింగి మందుసీసా సంచిల ఏసుకున్నడు. ఆటోల కూసున్నంక వసంతమ్మ "పాపం నా కొడుకు" అని ఈపు నిమిరితే అతనికి ఒకరకంగ నిమ్మళం అనిపించింది. ఆ నిమ్మళం ఎందుకో అతను సోంచాయించలేదు.

ఆ దినమే కవిత కంచం ఏరయింది. స్నానానికి బొక్కెన ఏరయింది. దండెం మీద ఆమె చీర జైపాల్ అంగీ పక్కకుంటే వసంతమ్మ కట్టెతోని దూరం జరిపింది. కవిత గులాబీ తోటకెల్లి వచ్చి బిందె ముట్టబోతే "నువ్వు ఆగు, నేను ముంచిస్త" అన్నది.

"ఏమైందత్తా?"

"నీకే తెల్వాలె."

"నాకేం తెలుసు?"

"పెండ్లికి ముంగట గండిపేటల మీ చిన్నమ్మ కాడ ఉండి కంపెనీల ఊడ్సే పనికి పోయినవ్ గద. రాత్రి డ్యూటీలు, కార్లల్ల ఇంటికొచ్చుడు. మేము అడగలేదు, మంచి పిల్లనే అనుకున్నం. ఇయ్యాల నా కొడుకు నడవలేకపోతున్నడు."

కవితకు మొదాల అర్థం కాలేదు. అర్థమైనంక ఆమె అత్త దిక్కు చూడలేదు. అరుగు మీద కూసున్న జైపాల్ దిక్కు చూసింది. అతను తువ్వాల మడత పెడ్తున్నడు. పెట్టిన మడత ఇప్పి మళ్ల పెట్టిండు.

"నువ్వు చెప్పు. నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా?"

"డాక్టర్ అన్నడు గదా," అన్నడు జైపాల్, "నేనేమన్ననా?"

పక్కింటి అంతమ్మ మొక్కజొన్న కంకులు ఒలుసుకుంట గోడ మీంచి ఇంటుంది. తెల్లారేసరికి గులాబీ తోటల దాక మాట పోయింది. తోట మేస్త్రి కవితను పూలు ముట్టొద్దన్నడు. "నాకేం లేదమ్మా, తోటి ఆడోళ్లు భయపడ్తున్నరు" అని గేటు కాడినుంచే అంపిండు. ఆమె నడుచుకుంట ఇంటికొచ్చి, మొకం కడుక్కొని, పెట్టెలకెల్లి ఉతికిన చీర తీసి కట్టుకున్నది.

"చేవెళ్ల దవాఖానకు పోదాం" అన్నది. "ఇద్దరం. నాకు గూడ పరీక్ష చేయమను. ఉన్నదంటే నేనే మా అవ్వగారింటికి పోత. ఎవ్వలు ఎల్లగొట్టే పని లేదు."

చేవెళ్ల దవాఖానల చర్మం డాక్టరు ఉన్న రోజు అది. డాక్టర్ అరుణశ్రీ. ఆడ డాక్టరని తెలిసి జైపాల్ వరండలనే రానని మొరాయించిండు. నర్సింహులు మందునీళ్లతోని అతనికి ఇంక ఎక్కువైంది. వాపు దిగలేదు, కొత్త తోలు లేచింది. లుంగి తాకినా మంటే. ఆఖరుకు లోపటికి పోయిండు. వసంతమ్మ బయట బల్ల మీద కూసున్నది. కవిత అడగకుంటనే లోపటికొచ్చి తలుపు కాడ నిలబడ్డది.

డాక్టరమ్మ చేతులకు తొడుగులేసుకొని, లైటు దగ్గరికి గుంజి, తొందర లేకుంట చూసింది. తొడల లోపటి దిక్కు గూడ చూసింది. అక్కడ రెండు పక్కల ఒకే తీరుగ నల్లగ కమిలిన గీతలున్నయి.

"ఏం పని చేస్తవ్?"

"గుర్రాల బడిల మేడం."

"స్వారీ చేస్తవా? దినానికి ఎంతసేపు?"

"పొద్దుగాలటి సంది పగటాల దాక. మళ్ల సాయంత్రం."

"ఏ బట్టలు?"

జైపాల్ చెప్పిండు. ఆమె తలూపింది. "సబ్బుతోని రుద్దుతున్నవా?"

"ఆఁ మేడం. పోతదని."

"రుద్దితే పోదు, పెరుగుతది. ఇది ఒరుసుకొని అయిన పుండు. బిర్రు బట్ట, చెమట, జీను. కొత్త చెప్పు కరిస్తే కాలు పొక్కదా? గిది గూడ అంతే. ఇక్కడి తోలు పల్చగ ఉంటది, తొందరగ ఉబ్బుతది." బల్ల కాడికి పోయి రాసుకుంట మాట్లాడింది. "ఇద్దరికి రక్తం పరీక్ష చేపిద్దాం, షుగర్ గూడ చూద్దాం, అనుమానం ఉండొద్దు. గుర్రం బంద్. గోరువెచ్చటి నీళ్లు, సబ్బు వద్దు. వదులుగ నూలు బట్ట. ఈ జిడ్డు మందు పల్చగ రాయాలె. ముంగటి తోలు ఎనకకు పోయి మళ్ల రాకపోయినా, మూత్రం రాకపోయినా అప్పటికప్పుడు ఉరికి రావాలె. మానేదాక మీరిద్దరు దూరం ఉండుండ్రి. మానినంక ఏం ఫికర్ లేదు."

"నాతోని వచ్చింది కాదా మేడం?" కవిత తలుపు కాడినుంచే అడిగింది.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "ఎవరన్నరు? నీకేం సంబంధం లేదు."

కవిత చెయ్యి తలుపు రెక్కను పట్టుకున్నది.

డాక్టరమ్మ జైపాల్ దిక్కు తిరిగి, రాసుకునేటందుకే అన్నట్టు అడిగింది. "ఎప్పటిసంది నొస్తుంది?"

"గుర్రమెక్కిన మొదటి రోజు సంది మేడం. దిగినప్పుడే మండింది."

"అయితే గుర్రంతోనే అయిందని నీకు ఎరుకే గద?"

జైపాల్ ఆఁ అనేసిండు. అన్నంక కవిత అక్కడ ఉన్నదని యాదికొచ్చింది. తిరిగి చూసేసరికి తలుపు కాడ ఎవ్వలు లేరు.

పరీక్షల కాయితాలు చేతికొచ్చేసరికి పొద్దుగూకింది. ఇద్దరికి ఏం లేదు. వసంతమ్మ కండ్లు ఒత్తుకొని, దవాఖాన ముంగట మూరెడు మల్లెపూలు కొని కవిత చేతుల పెట్టింది. "మనసుల పెట్టుకోకు పిల్లా. ఆ సూదులేసేటోడు గట్లన్నడు, మేము నమ్మినం. మాకేం తెలుసు?"

"నీకు తెల్వదత్తా" అన్నది కవిత. నీకు అన్న కాడ జర ఒత్తి పలికింది. వసంతమ్మకు పట్టలేదు. జైపాల్‌కు పట్టింది.

చేవెళ్ల చౌరస్త కాడ మొయినాబాద్ దిక్కు పోయే బస్సు నిలబడి ఉండె. వసంతమ్మ ముంగటెక్కి సీట్లకు తువ్వాల ఏసింది. కవిత ఎక్కలేదు. రోడ్డు దాటి అవతలి దిక్కు నిలబడ్డది. జైపాల్ కాళ్లు ఎడం పెట్టుకుంట ఆమె ఎనక పోయిండు.

"ఎటు?"

"ఆలూరు. మా అవ్వగారింటికి."

"కాయితాల ఏం లేదని వచ్చింది గద."

"కాయితాల ఏం లేదు. నిజమే." ఆలూరు ఆటో వచ్చింది. ఆమె ఎక్కి కూసొని చీర కొంగు దగ్గరికి తీసుకున్నది. మల్లెపూలు చేతులనే ఉన్నయి. "మందు రాసుకో. రుద్దకు" అన్నది. ఆటో కదిలింది.

గుర్రమెక్కుడు ఆపినంక పుండు మానుడు మొదలైంది. ముందుగాల వాపు తీసింది. తర్వాత పొర ఆరింది, కొత్త తోలు గులాబి రంగుల వచ్చి మెల్లగ ముదిరింది. ఈ లోపట గుర్రాల బడిల శంకర్‌పల్లి పిల్లగాడు కుదిరిండు. అతనికి తోలు కుట్టిన ప్యాంటు ఇచ్చిండ్రు. దవాఖాన కాయితం చూసి, జైపాల్‌కు గట్లయిందని యజమాని ప్రభాకర్‌ను తిట్టిండట. ప్రభాకర్ జైపాల్‌తోని "నువ్వు ముందే చెప్తే అయిపోతుండె గద" అన్నడు. పేడ ఎత్తే పని ఉన్నది, చేస్తే చెయ్యి అన్నడు. జైపాల్ చేసిండు.

ఒక పొద్దు ఆలూరు పోయిండు. కవిత ఊరి బయట తొట్టి కాడ క్యారెట్ గడ్డలు కడుగుతుంది. మోకాళ్ల దాక నీళ్లల్ల నిలబడి, గోనెపట్ట మీద గడ్డలను కాళ్లతోని దొర్లిస్తే మట్టి పోయి ఎర్రగ తేల్తున్నయి.

"తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గింది. ఇంటికి రా. అవ్వ ఊరంత చెప్పింది, కోడలికి ఏం లేదని."

"ఎట్లయిందని చెప్పింది?"

జైపాల్ తొట్టిల నీళ్ల దిక్కు చూసిండు.

"నాకేం లేదని చెప్తే, మందుతోని నయమైందంటరు. గులాబీ తోటల అదే అంటున్నరంట. మీ ఊరి పిల్లనే వచ్చి చెప్పింది. నీకెట్లయిందో నువ్వు చెప్పినవా?"

"నేనెట్ల చెప్పుకోవాలె కవితా? నలుగుట్ల..."

"నా గురించి నలుగుట్లనే అన్నరు."

ఆమె మళ్ల గడ్డలు దొర్లిచ్చుడు మొదలుపెట్టింది. జైపాల్ ఊరికొచ్చిండు. మూడు నాలుగు దినాలు హోటల్ దిక్కు పోయి, చాయ తాగి, ఏం చెప్పకుంట మళ్లొచ్చిండు. ఒక పొద్దుగాల బెంచి మీద సాయిలు, పౌలు, ఇంక ఇద్దరు ముగ్గురు కూసొని ఉంటే చాయ గ్లాసు కింద పెట్టిండు.

"నాకయింది రోగం కాదు" అన్నడు. "గుర్రం జీను ఒరుసుకొని పుండయింది. మొదటి రోజే నాకు ఎరుక. సిగ్గయి చెప్పలేదు. నా పెండ్లాం మీద మాటొస్తుంటే చూసుకుంట ఊకున్న. ఆమెకు ఏ పాపం తెల్వదు."

పౌలు నోట్ల చాయ బయటికొచ్చింది. అందరు పొట్ట పట్టుకొని నవ్విండ్రు. "గుర్రం పగ పట్టింది రా" అన్నడొకడు. "మేనేజరును బీమా అడుగు" అన్నడు సాయిలు. ఆ పొద్దు అతను ఏ సందుల పోయినా ఎవరో ఒకరు గుర్రం సకిలించినట్టు సకిలిచ్చిండ్రు. పిల్లలు గూడ. రెండో దినం ఇద్దరు ముగ్గురే అన్నరు. మూడో దినం ఊళ్లె కరెంటు ట్రాన్స్‌ఫారం కాలిపోయింది, అందరు బోర్ల కింద వరి ఎండుతుందని లొల్లి పెట్టుకున్నరు. జైపాల్ హోటల్‌కు పోతే పౌలు జరిగి జాగ ఇచ్చిండు. గుర్రం ముచ్చట ఎవ్వలు తియ్యలేదు.

ఆ సాయంత్రమే ఆలూరు పోయిండు. తొట్టి కాడ గడ్డలు కడుగుడు అయిపోయి సంచులల్ల నింపుతున్నరు. కవిత సంచి మూతి దబ్బనంతోని కుడుతుంది.

"చెప్పిన" అన్నడు. "హోటల్ కాడ, అందరి ముంగట."

"ఇన్న. అంతమ్మక్క చెల్లె ఇక్కడనే పనిజేస్తది. ఆమె చెప్పింది." దారం గుంజి ముడేసింది. "నవ్విండ్రా?"

"నవ్విండ్రు."

"ఇంక నవ్వుతున్నరా?"

"లేదు. రెండు దినాలు నవ్విండ్రు. ఇగ ఎవ్వలు అంటలేరు."

కవిత దబ్బనం సంచికి గుచ్చి అట్లనే ఉంచింది. మొదటిసారి తలెత్తి అతన్ని నిదానంగ చూసింది. కోపం లేదు ఆ చూపుల. ఏదో ఇన్నొద్దుల సంది చాన పెద్దదనుకున్నదాన్ని చేతుల పట్టుకొని చూసినట్టు చూసింది.

"రెండు దినాలా?" అన్నది.

జైపాల్ తల ఊపిండు.

"నేను ఇంకేందో అనుకున్న. నీకు చెప్పుకోరాని పెద్ద కష్టం ఉన్నది కావచ్చు, అందుకే నా దిక్కు ఉండలేకపోయినవ్ అనుకున్న. దాని కోసమైతే ఎన్నటికన్న మనసు మారుతుండె." దబ్బనం తీసి మళ్ల కుట్టబట్టింది. "రెండు దినాల నవ్వుకు నన్ను ఇడిసినవ్."

"తప్పయింది కవితా. ఒప్పుకున్న గద."

"ఒప్పుకున్నవ్. నా పేరు నాకు మళ్ల తెచ్చిచ్చినవ్, మంచిది. ఇంటికి పో. అత్త ఎదురుచూస్తది."

"నువ్వు?"

ఆమె ఆఖరు కుట్టు ఏసి దారం పండ్లతోని కొరికింది. సంచులు ఎత్తుకపోయే డీసీఎం బండి వచ్చి గట్టు కాడ ఆగింది. డ్రైవర్ తొందర చేస్తున్నడు. కవిత సంచి రెండు చెవులు పట్టుకొని లేపబోయింది. బరువుకు లేవలేదు. జైపాల్ గబుక్కున ఒంగి రెండో దిక్కు చెయ్యేసిండు.

కవిత సంచి ఇడిచిపెట్టి నిలబడ్డది. అతన్ని దాటి, తొట్టి అవతల చేతులు కడుక్కుంటున్న ముసలామెను పిలిచింది.

"రామమ్మత్తా, జర ఇటొచ్చి ఓ చెయ్యి పట్టవా?"

రామమ్మ వచ్చేదాక ఆమె అట్లనే నిలబడి ఉన్నది. జైపాల్ సంచి మీంచి చెయ్యి తీసిండు.